శ్రావణమాసం అమ్మకాల్లో కార్డు కమీషన్ ఎంత కోశారు? నెల స్టేట్‌మెంట్ ముందు పెట్టుకుని లెక్క తేల్చుకుందాం

మంగళగిరి చీరల కొట్టు (చర్చ మొదలుపెట్టినవారు)

సభ్యులందరికీ నమస్కారం. మంగళగిరిలో మాది చేనేత చీరల దుకాణం. మా నాన్నగారి కాలంలో నగదు, చెక్కు తప్ప మరో మాట వినపడేది కాదు; ఇప్పుడు పండగ నెలల్లో సగానికి పైగా అమ్మకం కార్డుల మీదా, ఫోన్ల మీదా జరుగుతోంది. ఏడాది టర్నోవరు 60 లక్షల రూపాయల చుట్టుపక్కల ఉంటుంది. స్వైపింగ్ మిషన్ పెట్టించుకున్న రోజున బ్యాంకు తరఫున వచ్చిన ఏజెంటు "క్రెడిట్ కార్డుకు 1.8 శాతం, డెబిట్ కార్డుకు 0.9 శాతం, రూపే డెబిట్‌కూ క్యూఆర్‌కూ సున్నా" అని చెప్పి నాలుగు చోట్ల సంతకాలు పెట్టించుకున్నాడు. అప్పటినుంచి నేను ఆ ముక్కలనే నమ్ముకుని ఉన్నాను.

మొన్న శ్రావణమాసం పూర్తయ్యాక తీరుబడిగా కూర్చుని లెక్క చూసుకుంటే తల తిరిగింది. బ్యాంకు ఖాతాలనుంచి నేరుగా వచ్చిన యూపీఐ డబ్బులను పక్కనపెడితే, కార్డుల ద్వారా జరిగిన అమ్మకం సరిగ్గా 3,00,000 రూపాయలు. ఏజెంటు చెప్పిన రేట్ల ప్రకారం 3,690 రూపాయలు కమీషన్ కింద పోవాలి. కానీ పోయింది 6,296 రూపాయల 48 పైసలు. అంటే 2,606 రూపాయల 48 పైసలు ఎక్కువ.

స్టేట్‌మెంటులో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. రూపే డెబిట్ కార్డుల మీద 38,000 రూపాయల అమ్మకం, కోత లేదు. మిగతా డెబిట్ కార్డుల మీద 62,000, కోత 558. మామూలు క్రెడిట్ కార్డుల మీద 1,20,000, కోత 2,160. "కమర్షియల్" అని రాసి ఉన్న కార్డుల మీద 24,000, కోత 600. విదేశీ కార్డుల మీద 30,000, కోత 1,050. క్యూఆర్ కింద "రూపే క్రెడిట్" అని 26,000, కోత 468. ఇవి కాక మిషన్ అద్దె 500, పన్ను 960 రూపాయల 48 పైసలు. రెండు వేల రూపాయల లోపు కార్డు అమ్మకం ఆ నెలలో ఒక్కటి కూడా లేదు. బ్యాంకువారు తప్పుగా కోశారా, లేక నేనే తప్పుగా అర్థం చేసుకున్నానా? తెలిసినవారు దయచేసి విడమరచి చెప్పగలరు.

పద్దుల పుస్తకం, విజయవాడ

అయ్యా, మీరు ప్రతి వరుసనూ విడివిడిగా రాయడం వల్ల సగం పని మీరే చేసిపెట్టారు. ఇరవై ఏళ్లుగా చిన్న దుకాణాల పద్దులు రాస్తున్నాను. ఈ ప్రశ్న అడిగేవారిలో నూటికి తొంభైమంది "మొత్తం ఇంత పోయింది" అని మాత్రమే చెబుతారు.

కోతను అమ్మకంతో భాగిస్తే ఏ కార్డుకు ఏ రేటు వేశారో బయటపడుతుంది. డెబిట్‌కు 0.90 శాతం, మామూలు క్రెడిట్‌కు 1.80 శాతం, ఈ రెండూ ఏజెంటు చెప్పినవే. కమర్షియల్ కార్డులకు 2.50, విదేశీ కార్డులకు 3.50, క్యూఆర్ మీద వచ్చిన రూపే క్రెడిట్‌కు 1.80, ఈ మూడూ ఆయన చెప్పకుండా వదిలేసినవి. ఇప్పుడు మీ 2,606 రూపాయల 48 పైసల తేడాను తీసుకుందాం. కమర్షియల్ కార్డులకు అదనంగా పడింది 168 రూపాయలు; విదేశీ కార్డులకు 510; క్యూఆర్ క్రెడిట్‌కు 468; అద్దె 500; ఎండీఆర్ (అంటే కార్డు అమ్మకం మీద బ్యాంకు కోసే కమీషన్) మీదా అద్దె మీదా 18 శాతం జీఎస్టీ 960 రూపాయల 48 పైసలు. కూడి చూసుకోండి, పైసతో సహా సరిపోతుంది.

కాబట్టి బ్యాంకు లెక్క తప్పలేదు. చెప్పవలసినదంతా మీకు చెప్పలేదు, అంతే. నా ఉద్దేశంలో అది కూడా చిన్న తప్పేమీ కాదు. మొత్తం కోతను మొత్తం కార్డు అమ్మకంతో భాగిస్తే 2.10 శాతం వస్తుంది. క్రెడిట్ కార్డుల వరకే విడదీసి చూస్తే, అద్దె కలపకుండానే, రెండు లక్షల అమ్మకం మీద పన్నుతో సహా 5,048 రూపాయలు, అంటే 2.52 శాతం. మీరు బేరమాడవలసింది ఈ 2.52 గురించి. ఆ 1.8 అనేది ప్రకటన కాగితం మీది అంకె.

ఒక ప్రశ్న. ఆ 960 రూపాయల పన్నును మీ జీఎస్టీ రిటర్నులో ఇన్‌పుట్ కింద, అంటే మీరు కట్టవలసిన పన్నులోనుంచి తగ్గించుకునేలా, తీసుకుంటున్నారా?

మంగళగిరి చీరల కొట్టు

తీసుకోవచ్చని కూడా నాకు తెలియదండీ. నూలు, చీరల కొనుగోళ్ల మీద మాత్రమే తీసుకుంటున్నాము.

పద్దుల పుస్తకం, విజయవాడ

మీరు కాంపొజిషన్‌లో (చిన్న వ్యాపారులు అమ్మకంలో కొద్ది శాతాన్నే పన్నుగా కట్టే పద్ధతిలో) కాకుండా మామూలు పద్ధతిలో నమోదై ఉన్నారు కనుక తీసుకోవచ్చు. అయితే దానికొక షరతు ఉంది. మిషన్ దరఖాస్తులో మీ జీఎస్టీ నంబరు నమోదై ఉండాలి; అప్పుడే బ్యాంకు ఇచ్చే పన్ను ఇన్‌వాయిస్ మీ పేరున చేరి, జీఎస్టీఆర్-2బీలో (మీకు రావలసిన ఇన్‌పుట్ చూపే నెలవారీ పట్టికలో) కనబడుతుంది. మంగళగిరిలోనే కాదు, బెజవాడ బీసెంట్ రోడ్డులో పెద్ద పెద్ద కొట్లవారి దరఖాస్తుల్లో కూడా ఆ గడి ఖాళీగా ఉండడం నేను చూశాను. ఏజెంటుకు తొందర, యజమానికి గిరాకీ హడావిడి, ఆ గడి అలాగే మిగిలిపోతుంది. ఈ నెల 2బీ తెరిచి, మీ బ్యాంకు పేరు ఉందో లేదో చూడండి.

ఆ పన్ను వెనక్కి వస్తే మీకు నిజంగా పడే ఖర్చు 5,336 రూపాయలు. మూడు లక్షల మీద అది 1.78 శాతం. ఏజెంటు చెప్పిన 1.8 దగ్గరికే చుట్టూ తిరిగి చేరుకున్నాము కానీ, ఆయన ఆ లెక్క వేసి చెప్పలేదన్నది మీకూ నాకూ తెలుసు.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, వరంగల్

ఈ చర్చ ఆసక్తికరంగా ఉంది. నేను బ్యాంకులో ఉండగా చివరి ఆరేళ్లు మిషన్లు ఇచ్చే విభాగంలోనే పనిచేశాను కనుక, ఆ డబ్బు ఎవరి జేబులోకి పోతుందో చెబుతాను.

దుకాణదారుకు మిషన్ ఇచ్చిన బ్యాంకు ఒకటి, కొనుగోలుదారుకు కార్డు ఇచ్చిన బ్యాంకు మరొకటి, ఆ రెండింటినీ కలిపే వీసా, మాస్టర్‌కార్డ్, రూపే వంటి నెట్‌వర్కు మూడోది. మీ దగ్గర కోసిన ఎండీఆర్‌ను ఈ ముగ్గురూ పంచుకుంటారు. అందులో పెద్ద వాటా కార్డు ఇచ్చిన బ్యాంకుది. దానిని ఇంటర్‌చేంజ్ అంటారు. మీ కొట్లో చీర కొన్నావిడకు దాదాపు నెలన్నర వరకు వడ్డీ లేని అప్పు, రివార్డు పాయింట్లు, విమానాశ్రయంలో లాంజ్ ప్రవేశం వంటి సౌకర్యాల ఖర్చులో చాలా భాగం ఆ వాటాలోనుంచే వస్తుంది. కార్డు ఎంత ఖరీదైనదైతే ఇంటర్‌చేంజ్ అంత ఎక్కువ. కంపెనీలు తమ ఉద్యోగులకు ఇచ్చే కమర్షియల్ కార్డులు అందుకే మీకు 2.50 పడ్డాయి. ఇక మిషన్ ఇచ్చిన బ్యాంకు మీతో బేరమాడగలిగేది తన సొంత వాటా గురించి మాత్రమే. శాఖ మేనేజరు "ఇంతకంటే తగ్గించలేనండీ" అన్నప్పుడు ఆయన ప్రతిసారీ అబద్ధం చెబుతున్నాడని అనుకోకండి.

డెబిట్ కార్డుల సంగతి వేరు. వాటికి రిజర్వు బ్యాంకు గరిష్ఠ పరిమితి పెట్టింది. 2012లో రెండు వేల రూపాయల వరకు 0.75 శాతం, ఆపైన 1 శాతం అని మొదలై, నోట్ల రద్దు తరువాత కొన్నాళ్లు చిన్న మొత్తాలకు మరింత తగ్గి, 2018 జనవరి 1 నుంచి అమ్మకం మొత్తాన్ని బట్టి కాకుండా దుకాణదారు టర్నోవరును బట్టి నిర్ణయించే పద్ధతి వచ్చింది. అంతకుముందు ఆర్థిక సంవత్సరంలో టర్నోవరు 20 లక్షల లోపు ఉన్నవారికి మిషన్ మీద 0.40 శాతం, క్యూఆర్ మీద 0.30 శాతం, ఒక్కో లావాదేవీకి 200 రూపాయలకు మించకూడదు. ఆపై టర్నోవరు ఉన్నవారికి 0.90, 0.80 శాతం, గరిష్ఠం 1,000 రూపాయలు. 2020 జనవరి 1 నుంచి రూపే డెబిట్‌కూ, భీమ్ యూపీఐకీ ఎండీఆర్ పూర్తిగా ఎత్తివేశారు.

క్రెడిట్ కార్డుకు మాత్రం మన దేశంలో అలాంటి పరిమితి ఏదీ లేదు. అది బ్యాంకుకూ మీకూ మధ్య ఒప్పందం. అందుకే పక్కపక్క కొట్లలో ఒకరికి 1.6, మరొకరికి 2.2 పడడం చూస్తుంటాము.

మంగళగిరి చీరల కొట్టు

చాలా స్పష్టంగా చెప్పారు, ధన్యవాదాలు. ఒక్క అనుమానం మిగిలింది. రూపేకూ యూపీఐకీ సున్నా అంటున్నారు కదా, మరి క్యూఆర్ మీద రూపే కార్డుతో కట్టినదానికి 468 రూపాయలు ఎలా కోశారు? రెండు సున్నాలు కలిస్తే 1.8 ఎలా అయింది?

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, వరంగల్

మంచి ప్రశ్న వేశారు. ఈ మధ్య అందరూ తడబడుతున్నది ఇక్కడే. సున్నా అన్నది రూపే డెబిట్ కార్డుకు. రూపే క్రెడిట్ కార్డు మిగతా క్రెడిట్ కార్డులలాగానే ఖర్చుతో కూడినది. యూపీఐలో కూడా డబ్బు బ్యాంకు ఖాతానుంచి వచ్చినప్పుడే సున్నా. 2022 సెప్టెంబరులో రూపే క్రెడిట్ కార్డులను యూపీఐ యాప్‌తో జతచేసుకునే వీలు కల్పించారు. అప్పటినుంచి మీ గల్లాపెట్టె మీద ఉన్న అదే క్యూఆర్ కాగితాన్ని ఒకరు ఖాతానుంచి స్కాన్ చేస్తారు, మరొకరు క్రెడిట్ కార్డునుంచి స్కాన్ చేస్తారు. సౌండ్ బాక్సు ఇద్దరికీ ఒకే గొంతుతో "రూపాయలు అందాయి" అంటుంది. తేడా మరునాడు స్టేట్‌మెంటులోనే తెలుస్తుంది.

చిన్న దుకాణదారులకు రెండు వేల రూపాయల వరకు ఈ కోత లేకుండా మినహాయింపు ఉంది. మీ టర్నోవరు 60 లక్షలు కనుక మీకది వర్తించదు. ఇదే తీరులో, యాప్ వాలెట్‌లో దాచుకున్న డబ్బుతో రెండు వేలకు మించి కట్టినప్పుడు 1.1 శాతం వరకు ఇంటర్‌చేంజ్ 2023 ఏప్రిల్ నుంచి ఉంది. కొనేవారు పైసా అదనంగా కట్టరు కనుక వారికి ఈ సంగతే తెలియదు.

మందుల కొట్టు, ఖమ్మం

నమస్కారం. నాది ఏడాదికి 20 లక్షలకు మించని చిన్న మందుల దుకాణం. నా అనుభవం పైవారిదానికి పూర్తిగా తలకిందులు. నా బిల్లులు 150 నుంచి 800 రూపాయల మధ్య ఉంటాయి. రెండు వేల రూపాయల లోపు కార్డు లావాదేవీ మీద బ్యాంకు వసూలు చేసే రుసుముకు జీఎస్టీ మినహాయింపు ఉండడం వల్ల పన్ను బాధ లేదు, డెబిట్‌కు 0.40 శాతమే. కాగితం మీద చూస్తే నా అంత అదృష్టవంతుడు లేడు.

నన్ను ముంచింది అద్దె. నెలకు మిషన్ అద్దె 350 రూపాయలు, దానిమీద పన్ను 63, మొత్తం 413. కార్డు గీకేవారు నెలకు 25,000 రూపాయలకు మించి లేరు. అంటే ఒక్క పైసా ఎండీఆర్ పడకముందే 1.65 శాతం పోయింది. నాకు జీఎస్టీ నమోదు లేదు కనుక ఆ 63 రూపాయలు తిరిగి వచ్చే దారి కూడా లేదు. రెండేళ్లు అలాగే కట్టి, చివరికి మిషన్ వెనక్కి ఇచ్చేద్దామని వెళితే, ఒప్పందంలో మూసివేత రుసుము అని వెయ్యి రూపాయలు ఉందన్నారు. కట్టి వచ్చాను. ఇప్పుడు క్యూఆర్ ఒక్కటే ఉంది. కార్డు తప్ప మరేదీ లేని ముసలివారు నెలకు ఇద్దరో ముగ్గురో వస్తారు; వారికి ఖాతా రాసుకుని మందులిస్తున్నాను.

పద్దుల పుస్తకం, విజయవాడ

ఖమ్మంవారు చెప్పింది చాలా ముఖ్యమైన విషయం. బిల్లు పెద్దదైనవారికి శాతం ముఖ్యం. బిల్లు చిన్నదై, గిరాకీ తక్కువైనవారికి నెలవారీ స్థిరమైన ఖర్చు ముఖ్యం. మంగళగిరివారి 500 రూపాయల అద్దె వారి అమ్మకంలో 0.17 శాతమే, వారికది తెలియను కూడా తెలియదు.

హార్డ్‌వేర్ కొట్టు, కర్నూలు

మీరంతా ఇంత కష్టపడి లెక్కలు వేస్తున్నారు కానీ, మా వీధిలో పద్ధతి చాలా సులువు. క్రెడిట్ కార్డు ఇస్తే బిల్లు మీద రెండు శాతం అదనం అని ముందే చెప్పేస్తాము. ఇష్టమున్నవారు కడతారు, లేనివారు ఫోన్ తీస్తారు. సిమెంటు, ఇనుము అమ్మేవాడికి మిగిలేదే మూడు నాలుగు శాతం. అందులో రెండు బ్యాంకుకు ఇస్తే అసలుకే ఎసరు. ఇందులో తప్పేముంది?

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, వరంగల్

మీ బాధ అర్థమవుతుంది. కానీ రెండు విషయాలు గుర్తుంచుకోండి. డెబిట్ కార్డు మీద అలా వసూలు చేయకూడదు. దుకాణదారులు ఎండీఆర్‌ను కొనుగోలుదారుల మీద వేయకుండా చూడవలసిన బాధ్యతను రిజర్వు బ్యాంకు 2017 డిసెంబరు ఆదేశంలో బ్యాంకుల మీదే పెట్టింది. క్రెడిట్ కార్డు విషయంలో మీరు సంతకం చేసిన ఒప్పందాన్ని తీసి చదవండి. నేను పనిచేసిన కాలంలో చూసిన ఒప్పందాలన్నింటిలోనూ అదనపు రుసుము వసూలు చేయరాదన్న షరతు ఉండేది. బిల్లును ఫోటో తీసి ఒక్కరు ఫిర్యాదు చేసినా బ్యాంకువారు మిషన్‌ను నిలిపివేయవచ్చు.

పద్దుల పుస్తకం, విజయవాడ

న్యాయాన్యాయాలను పక్కనపెట్టి, కర్నూలువారి రెండు శాతం నిజంగా గిట్టుబాటు అవుతున్నదా అని చూద్దాం. 10,000 రూపాయల బిల్లు మీద 200 కలిపి 10,200 గీకారు. మీ రేటు 1.8 అనుకుంటే, కోత ఆ 10,200 మీద పడుతుంది, 10,000 మీద కాదు. అంటే 183 రూపాయల 60 పైసలు, దానిమీద జీఎస్టీ 33 రూపాయల 5 పైసలు. పన్నును మీరు ఇన్‌పుట్ కింద తీసుకుంటారు కనుక దానిని వదిలేద్దాం. ఇక మీరు వసూలు చేసిన 200 కూడా సరుకు విలువలో భాగమే. 18 శాతం పన్ను ఉండే సరుకైతే అందులో 30 రూపాయల 51 పైసలు ప్రభుత్వానికి కట్టాలి. మీకు మిగిలింది 169 రూపాయల 49 పైసలు. ఖర్చు 183.60, రాబడి 169.49. ఒప్పందం ఉల్లంఘించిన అపవాదు మోసి కూడా బిల్లుకు 14 రూపాయలు మీరే కడుతున్నారు.

ఆ 200 రూపాయలను బిల్లులో చూపడం లేదని మీరనవచ్చు. అప్పుడు కార్డు వసూళ్లు ఒక అంకె, రిటర్నులో చూపిన అమ్మకం మరో అంకె అవుతాయి. అలా అయినప్పుడు నోటీసు వస్తే జవాబు చెప్పడం నాలాంటివాళ్ల వల్ల కూడా కాదు.

హార్డ్‌వేర్ కొట్టు, కర్నూలు

ఆ 30 రూపాయల సంగతి నేను ఎన్నడూ ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. అయినా మాలాంటి సన్న లాభం వ్యాపారానికి దారేమిటో కూడా చెప్పండి.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, వరంగల్

పెద్ద బిల్లు వచ్చినప్పుడు "ఖాతానుంచి యూపీఐ చేస్తారా" అని ముందుగా మర్యాదగా అడగడం ఒక దారి. సాధారణంగా రోజుకు లక్ష రూపాయల వరకు వీలవుతుంది. లక్ష దాటితే నెఫ్ట్ ఉంది. మాటవరసకు అడిగినా సగంమంది సరేనంటారు, ఎందుకంటే చాలామందికి కార్డు గీకడం అవసరం కాదు, అలవాటు. మీ కరెంటు ఖాతాలో సగటున ఎంత నిలవ ఉంటుందో చూపించి రేటు అడగడం మరో దారి. నిలవ ఉంచే ఖాతాదారు కోసం బ్యాంకు తన వాటాను కొంత వదులుకుంటుంది.

కిరాణా కొట్టు, డల్లాస్

అందరికీ నమస్కారం. మాది గుంటూరు జిల్లా. పదమూడేళ్లుగా డల్లాస్ దగ్గర భారతీయ కిరాణా కొట్టు నడుపుతున్నాను. ఇక్కడ మాకు అద్దె, పాలు, బియ్యం తరువాత అతి పెద్ద ఖర్చు కార్డు కమీషనే, ఎందుకంటే నగదు ఇచ్చేవారు దాదాపు లేరు, మీకున్న యూపీఐ వంటిది మా గల్లాపెట్టె దగ్గర లేదు.

ఇక్కడ కూడా కథ అదే: డెబిట్‌కు పరిమితి ఉంది, క్రెడిట్‌కు లేదు. 2010 నాటి చట్టం ప్రకారం 2011 అక్టోబరు నుంచి, వెయ్యి కోట్ల డాలర్లకు పైగా ఆస్తులున్న బ్యాంకుల డెబిట్ కార్డుల మీద ఇంటర్‌చేంజ్ 21 సెంట్లు, అమ్మకంలో 0.05 శాతం, మోసాల నివారణకు మరో సెంటు దాటకూడదు. 40 డాలర్ల సరుకుకు అది 24 సెంట్లు. యూరపులో మాత్రం 2015 నుంచి డెబిట్‌కు 0.2, క్రెడిట్‌కు 0.3 శాతమే ఇంటర్‌చేంజ్. ఆ అంకె చూసినప్పుడల్లా మాకు అసూయ కలుగుతుంది.

ప్రతి గీకుడుకూ శాతంతో పాటు కొన్ని సెంట్లు స్థిరంగా కోయడం ఇక్కడి పద్ధతి. నా మొదటి ఒప్పందంలో 2.6 శాతం, దానికి 10 సెంట్లు. వంద డాలర్ల బిల్లుకు అది 2.7 శాతం, నాలుగు డాలర్ల కొత్తిమీర, పచ్చిమిరపకాయలకు 5.1 శాతం. క్రెడిట్ కార్డుకు పది డాలర్ల వరకు కనీస కొనుగోలు నిబంధన పెట్టుకోవడానికి ఆ 2010 చట్టమే అనుమతి ఇచ్చింది. గల్లాపెట్టె దగ్గర ఆ బోర్డు పెట్టాక పరిస్థితి కొంత కుదుటపడింది. అన్నింటికంటే నన్ను ఎక్కువ దెబ్బతీసింది మిషన్ లీజు. నెలకు 39 డాలర్లు అంటే సరేననుకున్నాను. అది 48 నెలలు రద్దు చేసుకోవడానికి వీలులేని విడి ఒప్పందమని, కమీషన్ కంపెనీని మార్చినా లీజు పోదని తరువాత తెలిసింది. మొత్తం 1,872 డాలర్లు కట్టాను. అలాంటి మిషన్ కొనుక్కుంటే నాలుగు వందల లోపే.

మంగళగిరివారికి ఒక మాట. మీ విదేశీ కార్డుల 30,000 రూపాయలలో మాలాంటివారి కొనుగోళ్లు ఉండే ఉంటాయి. మా ఆవిడ వరలక్ష్మీ వ్రతానికి అక్కడినుంచే చీరలు తెప్పించుకుంటుంది. మీ దగ్గర 3.5 శాతం కోస్తున్నారన్నది నాకు ఈరోజే తెలిసింది. అదే సమయంలో నా కార్డు బ్యాంకు విదేశీ లావాదేవీ రుసుమని నా దగ్గర మూడు శాతం తీసుకుంటోంది. ఒక చీర మీద ఇద్దరి దగ్గరా ఆరున్నర శాతం!

మంగళగిరి చీరల కొట్టు

అయ్యా, మీ మాట నిజం. ఆ 30,000లో 22,000 వాట్సాప్‌లో చీరలు చూపించి, పేమెంట్ లింకు పంపి అమ్మినవే. అవి ఇంకేమైనా చిక్కులు తెస్తాయా?

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి, వరంగల్

తెస్తాయి. కార్డు మీ కళ్ల ముందు లేదు. మన దేశపు కార్డుకైతే ఆన్‌లైన్‌లో ఓటీపీ వంటి రెండో ధ్రువీకరణ తప్పనిసరి కనుక "నేను కొనలేదు" అనడం అంత తేలిక కాదు. విదేశీ బ్యాంకు ఇచ్చిన కార్డుకు అది ఉండకపోవచ్చు. కార్డుదారు తన బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే, నెలల తరువాత కూడా ఆ సొమ్ము మీ ఖాతానుంచి వెనక్కి పోవచ్చు. దానినే ఛార్జ్‌బ్యాక్ అంటారు. విడిగా దానికొక రుసుము కూడా ఉంటుంది. ఆ ప్రమాదం వెల కొంత ఆ 3.5లో కలిసి ఉంది. కొరియర్ రసీదు, అందినట్టు సంతకం, వాట్సాప్ సంభాషణ అన్నీ భద్రపరచండి. గడువులోగా అవి పంపకపోతే చీరా పోతుంది, డబ్బూ పోతుంది.

టిఫిన్ హోటల్, తెనాలి

చిన్న సందేహం. మేము కాంపొజిషన్‌లో 5 శాతం కడుతున్నాము. పైన చెప్పిన ఇన్‌పుట్ మాకు వర్తిస్తుందా?

పద్దుల పుస్తకం, విజయవాడ

వర్తించదండీ. కాంపొజిషన్‌లో ఉన్నవారికి ఇన్‌పుట్ రాదు. అయితే మీ టిఫిన్ బిల్లులు రెండు వేలు దాటవు కనుక కమీషన్ మీద పన్ను ఎలాగూ పడదు. బ్యాంకు ద్వారా కాకుండా పేమెంట్ అగ్రిగేటర్ కంపెనీ (దుకాణదారుల తరఫున చెల్లింపులు వసూలు చేసి ఇచ్చే సంస్థ) ద్వారా మిషన్ తీసుకున్నవారికి ఆ మినహాయింపు ఉందా లేదా అన్న తగాదా కొన్నాళ్లు నడిచింది. రిజర్వు బ్యాంకు పర్యవేక్షణలో ఉన్న అగ్రిగేటర్లకు ఉందని 2024 డిసెంబరులో జీఎస్టీ మండలి తేల్చింది. అద్దె మీద పన్ను మాత్రం తప్పదు.

పద్దుల విషయంలో అందరికీ ఒక మాట, అడగకపోయినా చెబుతున్నాను. బ్యాంకు ఖాతాలో పడిన మొత్తాన్నే అమ్మకంగా రాసేవారు చాలామంది ఉన్నారు. అది తప్పు. మూడు లక్షలు అమ్మితే అమ్మకం మూడు లక్షలే. కోత ఖర్చు కింద విడిగా రావాలి. మరొకటి, ఊహాత్మక ఆదాయపు పద్ధతిలో, అంటే 44ఏడీగా మనకు అలవాటైన పద్ధతిలో ఆదాయపు పన్ను రిటర్ను వేసేవారికి నగదు అమ్మకం మీద 8 శాతం, కార్డు, యూపీఐ వసూళ్ల మీద 6 శాతం ఆదాయంగా లెక్కిస్తారు. మూడు లక్షల మీద చూపవలసిన ఆదాయం 24,000కు బదులు 18,000 అవుతుంది. ఆ పద్ధతిలో కమీషన్‌ను మళ్లీ ఖర్చుగా తీసివేసుకోవడానికి లేదు. కార్డు వల్ల పోయినదంతా ఇలా తిరిగి వస్తుందని కాదు, కానీ కొంత వస్తుంది.

మంగళగిరి చీరల కొట్టు

పదిరోజుల తరువాత తిరిగి రాస్తున్నాను. మీరు చెప్పినవన్నీ కాగితం మీద రాసుకుని బ్యాంకు శాఖకు వెళ్లాను. మొదట ఏజెంటును కలవమన్నారు. ఆయన ఉద్యోగం మారిపోయి ఏడాది అయిందట. స్టేట్‌మెంటు ముందు పెట్టి, వరుస వరుసకూ రేటు చదివి వినిపించాక మేనేజరుగారు కుర్చీ చూపించారు.

దరఖాస్తులో జీఎస్టీ నంబరు గడి ఖాళీగానే ఉంది. ఇప్పుడు నింపారు, వచ్చే నెలనుంచి ఇన్‌వాయిస్ నా నంబరు మీద వస్తుంది. కార్డు అమ్మకం రెండు లక్షలు దాటిన నెలల్లో అద్దె వసూలు చేయబోమని రాసిచ్చారు. మామూలు క్రెడిట్ కార్డుల రేటును 1.80 నుంచి 1.65కు తగ్గించారు, మొన్నటి అమ్మకమే అయితే మిషన్ మీద 180, క్యూఆర్ క్రెడిట్ మీద 39, మొత్తం 219 రూపాయలు మిగిలేవి. కమర్షియల్, విదేశీ కార్డుల రేట్లను ముట్టుకోలేదు. అన్ని రేట్లనూ కార్డు రకం వారీగా బ్యాంకు లెటర్‌హెడ్ మీద ఇమ్మని అడిగితే కాసేపు తటపటాయించి ఇచ్చారు.

విజయవాడవారికి ఒక ప్రశ్న: గడచిన నెలల పన్నును ఏమైనా రాబట్టుకోవచ్చా?

పద్దుల పుస్తకం, విజయవాడ

ఒక ఆర్థిక సంవత్సరపు ఇన్‌పుట్‌ను ఆ తరువాతి నవంబరు 30 లోగా తీసుకోవచ్చు. కానీ పాత ఇన్‌వాయిస్‌లు మీ నంబరు లేకుండా వెళ్లాయి కనుక, బ్యాంకువారు తమ రిటర్నులో సవరిస్తే తప్ప మీ 2బీలో కనబడవు. ఒక ఉత్తరం రాసి ఇచ్చి, నకలు మీద ముద్ర వేయించుకోండి. సవరిస్తారని మాత్రం నేను హామీ ఇవ్వలేను.

మంగళగిరి చీరల కొట్టు

ఉత్తరం ఈరోజే ఇచ్చి, ముద్ర వేయించుకుని వచ్చాను. డల్లాస్‌వారు ఈసారి చీరలు తీసుకునేటప్పుడు గుంటూరులో ఉన్న వారి బంధువుల చేత ఖాతానుంచి యూపీఐ చేయిస్తే, నాకు పడే 3.5 శాతాన్ని వారికే తగ్గించి ఇస్తాను.

కిరాణా కొట్టు, డల్లాస్

మా తమ్ముడు బ్రాడీపేటలోనే ఉన్నాడండీ. దీపావళికి రెండు చీరలు కావాలట. రంగులు మా ఆవిడ వాట్సాప్‌లో పంపుతుంది.